వెనక్కి తిరిగే ఖర్చు కూడా లెక్కలో ఉండాలి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలం. నా వయసు 44. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటుగా పని చేస్తున్నాను. 2008 డీఎస్సీలో ఎంపికయ్యాను. నెలకు 68 వేలు చేతికి వస్తుంది. ఇంటి రుణం వాయిదా, అమ్మాయి హాస్టలు, ఇంటి ఖర్చులు పోను తొమ్మిది వేల దాకా మిగులుతుంది. మా వారు కొబ్బరి తోట చూసుకుంటారు. తిత్లీ తుపానుకు సగానికి పైగా చెట్లు పడిపోయాయి. తరువాత వేసినవి ఇప్పుడిప్పుడే కాపుకు వస్తున్నాయి. పొదుపు ఖాతాలో 1.6 లక్షలు, అమ్మాయి ఇంజినీరింగు కోసం వేసిన 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నాయి. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. నేనూ, మా స్కూల్లోనే పని చేసే మరో టీచరూ కలిసి వచ్చే అక్టోబరులో నేపాల్‌లోని అన్నపూర్ణ సర్క్యూట్ అనే కొండదారి నడవాలనుకుంటున్నాం. మనిషికి లక్షన్నర అవుతుందంటున్నారు. వ్యక్తిగత రుణం తీసుకోవాలా, బంగారం తాకట్టు పెట్టాలా, డిపాజిట్ తీసి తరువాత నింపాలా?

సమాధానం: టీచరు గారూ, మీరు మూడు దారులు అడిగారు గానీ మూడూ అప్పు దారులే. డిపాజిట్ తీయడం అప్పు కాదని మీకు అనిపించవచ్చు. అది మీ అమ్మాయి దగ్గర చేసే అప్పు. ఆమె గట్టిగా అడగదు కాబట్టి తీర్చడం ఎప్పటికప్పుడు వాయిదా పడే అప్పు. ఇంటర్ ఫలితాలు వచ్చి, కౌన్సెలింగు పూర్తయి, కళాశాల రుసుము, హాస్టలు అడ్వాన్సు, పుస్తకాలు, ల్యాప్‌టాప్ అన్నీ మీ మీద పడేది వచ్చే జూన్ నుంచి ఆగస్టు మధ్యలో. మీ ప్రయాణం ఆ వెంటనే అక్టోబరులో. కాబట్టి ఆ 3 లక్షలను మీవి కావన్నట్టుగానే చూడమని కోరుతున్నాను.

రుణం సంగతి అంకెల్లోనే చూద్దాం. లక్షన్నర వ్యక్తిగత రుణాన్ని 13 శాతం వడ్డీకి రెండేళ్ల కాలానికి తీసుకుంటే నెల వాయిదా సుమారు 7,130 రూపాయలు అవుతుంది. రెండేళ్లలో కట్టే వడ్డీ 21 వేలు దాటుతుంది. బంగారం మీద వడ్డీ కొంత తక్కువే, కానీ అసలు తీర్చకుండా ఏటేటా వడ్డీ మాత్రమే కట్టి తిరగరాయించుకునే అలవాటు మన ప్రాంతంలో ఎంత గట్టిదో మీకు తెలియనిది కాదు. చీటీ ముందుగా పాడుకోవడం కూడా పేరు మారిన అప్పే. ఏపీజీఎల్ఐ, అంటే ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా మీద తీసుకునే రుణం వీటన్నిటికంటే మెరుగని ఎవరైనా చెప్పవచ్చు. అయితే మీరు సీపీఎస్, అంటే ఉద్యోగి కూడా వాటా కట్టే కొత్త పెన్షను పద్ధతి పరిధిలోని వారు, పాత పెన్షను ధీమా మీకు లేదు. అలాంటప్పుడు దీర్ఘకాలానికి ఉద్దేశించిన ఏ పొదుపునూ విహారానికి కదిలించకపోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇక తేదీ. నిజానికి మీ ప్రశ్నలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది డబ్బు కాదు, అక్టోబరు అన్న మాట. అన్నపూర్ణ సర్క్యూట్‌కు అక్టోబరు మేలైన నెల అని అందరూ చెబుతారు, అది నిజమే; వానలు తగ్గి ఆకాశం తేటపడుతుంది, కొండలు నిండుగా కనిపిస్తాయి. అయితే మీ ఊరికి అక్టోబరు ఎలాంటిదో ఒకసారి గుర్తు చేసుకోండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. తిత్లీ 2018 అక్టోబరు 11న. మూడు పెద్ద తుపానులూ ఆ రెండు తేదీల్లోనే వచ్చాయి. ఆ వారంలో మీరు ఫోను సరిగా అందని చోట, సముద్ర మట్టానికి అయిదు వేల మీటర్ల ఎత్తున ఉంటే, ఇక్కడ కాపుకు వస్తున్న తోట గురించి మీ వారు ఒక్కరే తేల్చుకోవలసి వస్తుంది.

అక్కడితో ఆగదు. హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటి, మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలను కుదిపేసి, ఉత్తరానికి సాగి, రెండు రోజుల తరువాత అక్టోబరు 14న సరిగ్గా మీరు వెళ్లదలచిన దారి మీదనే మంచు తుపానుగా కురిసింది. 5,416 మీటర్ల ఎత్తున ఉన్న థోరాంగ్ లా కనుమ పరిసరాల్లోనూ, చుట్టుపక్కల కొండల్లోనూ ఆ మంచులో కనీసం 43 మంది చనిపోయారు. మన ఇంటి పైకప్పు రేకులు లేపుకుపోయిన గాలే అక్కడ ఆ మంచును కురిపించిందన్నది చాలామంది మనవాళ్లకు తెలియదు.

అందుకే నా సూచన వచ్చే అక్టోబరు కాదు, ఆ తరువాతి మే నెల మొదటి వారం. మేలో కింది లోయల్లో ఉక్క ఉంటుంది, మధ్యాహ్నాలు మబ్బు పడుతుంది, దూరపు శిఖరాలు అక్టోబరులో ఉన్నంత స్పష్టంగా ఉండవు. ఆ లోటు నేను దాచను. కానీ అది మీకు వేసవి సెలవుల కాలం. రానూపోనూ కలిపి 24 రోజులు పట్టే ఈ ప్రయాణాన్ని దసరా సెలవుల్లో ఇరికించాలంటే ఇంకో పన్నెండు రోజులైనా అర్ధవేతన సెలవు పెట్టాలి, అంటే జీతంలో దాదాపు 13 వేలు కోత. మేలో ఆ కోత ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, అప్పటికి అమ్మాయి మొదటి సంవత్సరం ఖర్చు ఎంతో మీ చేతికి తెలిసిపోయి ఉంటుంది.

ఇప్పుడు ఖర్చు. ఇవి నా అంచనాలు. ధరలు మారతాయి కాబట్టి బయలుదేరే ముందు మళ్లీ సరిచూసుకోవాలి. మీకు విమానం అవసరం లేదు. పలాసలో రైలెక్కి హౌరా, అక్కడి నుంచి రక్సౌల్, సరిహద్దు దాటి బీర్‌గంజ్, ఆపైన బస్సు. ఏసీ మూడో తరగతిలో వెళ్లినా, కొండ దారిలో జీపులతో కలిపి రానూపోనూ పది వేలలో పూర్తవుతుంది. రిజర్వేషను 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, మే నెల రద్దీ తెలిసినదే కాబట్టి తెరిచిన రోజునే తీసుకోండి. సార్క్ దేశాల వారికి అన్నపూర్ణ సంరక్షణ ప్రాంత ప్రవేశ రుసుము 1,000 నేపాలీ రూపాయలు, ట్రెక్కర్ల నమోదు కార్డుకు మరో 1,000. రెండూ కలిపి మన డబ్బులో 1,250. గైడు లేకుండా విదేశీయులు ట్రెక్కింగుకు వెళ్లరాదని 2023 ఏప్రిల్ 1 నుంచి అక్కడ నిబంధన ఉంది. నిబంధన లేకపోయినా నేను గైడును తీసుకోమనే చెప్పేవాణ్ణి. రోజుకు 2,800 చొప్పున 14 రోజులకు అయ్యే మొత్తంలో మీ సగం 19,600. సామాను మోసే మనిషికి రోజుకు రెండు వేల చొప్పున మీ సగం 14 వేలు.

తిండి, బస దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. దారి పొడవునా ఊళ్లలో చిన్న వసతి గృహాలు ఉంటాయి. గది అద్దె చాలా తక్కువ, కానీ రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం అక్కడే తినాలన్నది మర్యాద కాదు, షరతు. పైకి వెళ్లే కొద్దీ ప్రతి బస్తా బియ్యానికీ, ప్రతి గ్యాసు బండకూ మోత కూలి తోడవుతుంది కాబట్టి, దారి మొదట్లోని బేసిసహర్‌లో తిన్న పప్పన్నం ధర కనుమ కిందనున్న థోరాంగ్ ఫెడీకి చేరేసరికి రెట్టింపు దాకా పోతుంది. వేడినీళ్లకు వేరే డబ్బు, ఫోను ఛార్జింగుకు వేరే డబ్బు. అక్కడి దాల్ భాత్‌లో అన్నం, పప్పు, కూర మళ్లీ అడిగితే వడ్డిస్తారు కనుక మన కడుపుకు అదే గిట్టుబాటు. ధర ఎంతని అడిగినప్పుడు ఐసీయా, ఎన్‌సీయా అని కూడా అడగండి. భారతీయ రూపాయినీ, నేపాలీ రూపాయినీ వాళ్లు అలా అంటారు. 1993 నుంచి మన రూపాయికి వారి 1.6 రూపాయలన్న మారకం మారలేదు కాబట్టి లెక్క సులువే, కానీ ఏ రూపాయో తేల్చుకోకుండా తింటే సగానికి పైగా ఎక్కువ కట్టవలసి వస్తుంది. సగటున రోజుకు 2,200 వేసుకుని 14 రోజులకు 31 వేలు పెట్టుకోండి. కాఠ్మాండూ, పోఖరాలలో నాలుగు రాత్రులకు 8 వేలు. బూట్లు, ఉన్ని లోదుస్తులు, వాన కోటు వంటివి కొనడానికి 20 వేలు. లావుపాటి జాకెట్టు, పడక సంచి మాత్రం కొనవద్దు, కాఠ్మాండూ థమేల్‌లో రోజు అద్దెకు దొరుకుతాయి. సోంపేటలో వాటిని ఏం చేసుకుంటారు? బీమాకు 9 వేలు, వైద్య పరీక్షలకూ మందులకూ 3 వేలు. మొత్తం 1,16,000 లోపు.

మీకు చెప్పిన లక్షన్నరకూ ఈ అంకెకూ తేడా చూసి సంతోషించకండి. దీనికి ఇంకో 30 వేలు కలపాలి. ఆ 30 వేలు దేనికో చెప్పడానికే ఈ సమాధానం ఇంత పొడవుగా రాస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం నేనూ ఆ దారిన వెళ్లాను. ఇతరుల డబ్బుకు లెక్కలు చెప్పే వాణ్ణి కనుక నా లెక్క చాలా బిగువుగా వేసుకున్నాను; కాఠ్మాండూ నుంచి తిరుగు విమానం టికెట్టు 11 వేలు, రద్దు చేస్తే పైసా రాని రకం. థోరాంగ్ ఫెడీలో రాత్రి తాగిన సూపు కక్కేశాను. తెల్లవారుజామున మూడున్నరకు, తలదీపం వెలుతురులో వంగి బూట్ల లేసు కట్టుకోబోతే కణతలు పగిలిపోతున్నట్టు అనిపించింది. గైడు నా ముఖం చూసి, ఈ రోజు దిగిపోదాం, రెండు రోజులు కింద మనాంగ్ ఊళ్లో ఉండి మళ్లీ వద్దాం అన్నాడు. ఆ చలిలో నా మనసులో మెదిలింది ప్రాణం కాదు, ఆ 11 వేల టికెట్టు. ఎక్కాను. పైనున్న హై క్యాంపు దగ్గర కాళ్లు తడబడి, మాట ముద్దగా వస్తుంటే, అద్దె గుర్రం మీద కట్టేసినట్టు కూర్చోబెట్టి దించారు. గుర్రానికీ, మనాంగ్‌లో మూడు రాత్రులకూ, గైడు అదనపు రోజులకూ, కొత్త టికెట్టుకూ కలిపి 34 వేలు అయింది. అది కూడా తోటివాళ్ల దగ్గర బదులు తీసుకున్న డబ్బు. కనుమ నేను దాటనేలేదు.

కాబట్టి మీ 30 వేలు కనుమ దాటకపోవడానికి. నాలుగు రోజులు అదనంగా పడితే తిండి, గైడు, మోత మనిషి కలిపి రోజుకు 4,600 లెక్కన 18,400 అవుతుంది. మిగిలినది మనాంగ్ నుంచి జీపులో దిగిపోవడానికీ, రైలు టికెట్లు మళ్లీ కొనుక్కోవడానికీ. కనుమ ఇవతలి నుంచే దిగిపోయినా, పోఖరా చేరి జోమ్‌సోమ్ మీదుగా జీపులో ముక్తినాథ్ వెళ్లవచ్చు. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటైన ఆ గుడి కనుమకు అవతలి వైపు సుమారు 3,800 మీటర్ల ఎత్తున ఉంది. కొండెక్కని భక్తులు వెళ్లేది ఆ జీపు దారినే. ఈ డబ్బును మొత్తం బడ్జెట్‌లో కలిపేస్తే కాఠ్మాండూ బజారులోనే కరిగిపోతుంది, వేరే కవరులో పెట్టి సంచి అడుగున కుట్టుకోండి.

అలాగే నాకు వచ్చినట్టు ఎత్తు జబ్బు రాకుండా ఉండాలంటే, మూడు వేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలనీ పర్వత వైద్యులు చెబుతారు. 3,540 మీటర్ల ఎత్తున ఉన్న మనాంగ్‌లో రెండు రాత్రులు ఆగడం విలాసం కాదు. మీరు బారువ తీరం పక్కన పుట్టి పెరిగినవారు. మీకు దగ్గరలోని మహేంద్రగిరే 1,501 మీటర్లు. కొందరు ఏజెంట్లు పన్నెండు రోజులు, పది రోజులు అంటూ తగ్గించి చెప్పే ప్యాకేజీల్లో తగ్గేది ఈ ఆగే రోజులే. ఇండియాలోని ఏజెంటు దగ్గర ప్యాకేజీ తీసుకుంటే మూలం వద్ద పన్ను వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, రిటర్నులో సర్దుబాటు అవుతుంది, ఆ రసీదు పారేయకండి.

బీమా విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మీ ఈహెచ్‌ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు నేపాల్‌లో పనికిరాదు. మామూలు ప్రయాణ బీమా పాలసీల్లో చాలావరకు ఎత్తైన చోట ట్రెక్కింగును మినహాయిస్తారు లేదా ఒక ఎత్తు వరకే ఒప్పుకుంటారు. పాలసీ కాగితంలో ఆరు వేల మీటర్ల వరకు ట్రెక్కింగు, హెలికాప్టరులో తరలింపు అన్న రెండు మాటలూ స్పష్టంగా ఉన్నాయో లేదో చదివాకే డబ్బు కట్టండి. సొంత డబ్బుతో హెలికాప్టరు అంటే లక్షల్లో మాట. బీమా ఉన్నా, ఎక్కే ముందు ఆ సంస్థకు ఫోను చేయకపోతే క్లెయిము చిక్కుల్లో పడుతుంది, కనుక ఆ నంబరు గైడు దగ్గర కూడా ఉండాలి.

బీమా కంటే ముందు ఇంకో పని ఉంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంత వాసులకు నేను ఈ మాట చెప్పకుండా ఉండలేను. ఈ నెలలోనే కిడ్నీల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోండి, మీ సహోద్యోగిని కూడా చేయించుకోవాలి. కిడ్నీల పనితీరులో ఏ తేడా ఉన్నా, కొండ మీద ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి మాత్రలు మింగడం ప్రమాదం. ఎత్తు జబ్బుకు వాడే ఎసిటజోలమైడ్ మాత్ర కూడా కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. తేడా ఉందని తెలిసి బీమా దరఖాస్తులో దాస్తే ఆ 9 వేలూ బూడిదలో పోసిన పన్నీరే. ఫలితం బాగా లేకపోతే ఒక బూటు కూడా కొనకముందే ఆలోచన మార్చుకోవచ్చు.

ఇక డబ్బు కూడబెట్టే పద్ధతి. పొదుపు ఖాతాలోని 1.6 లక్షల్లో 1.2 లక్షలు ఇంటి అత్యవసరాలకు ఉంచండి. మీ ఖర్చుకు అది రెండు నెలలకే సరిపోతుంది గానీ, నెల జీతం ఖాయంగా వచ్చే ఉద్యోగం కనుక ప్రస్తుతానికి చాలు. మిగిలిన 40 వేలు ప్రయాణానికి. కావలసిన 1,46,000లో ఇంకా 1,06,000 కావాలి. ఈ నవంబరులోనే నెలకు 6,800 చొప్పున 15 నెలల రికరింగ్ డిపాజిట్ తెరవండి. 6 శాతం వడ్డీ లెక్కన అది ఫిబ్రవరికి దాదాపు ఆ మొత్తమే అవుతుంది. మార్చి, ఏప్రిల్ నెలలు చేతిలో ఉంటాయి, మధ్యలో ఒక వాయిదా తప్పినా సర్దుకోవచ్చు. గమనించారా, ఈ 6,800కూ ఆ రుణం వాయిదా 7,130కూ పెద్ద తేడా లేదు. ముందు కడితే వడ్డీ మీకు వస్తుంది, తరువాత కడితే బ్యాంకుకు పోతుంది. బూట్లు మాత్రం ఆ 40 వేలలోంచి ముందే కొని, మహేంద్రగిరి మీద రెండు మూడు సార్లు నడిచి అరగదీయండి. కొత్త బూట్లతో కొండెక్కితే మూడో రోజుకే మడమలు పొక్కిపోతాయి.

నగదు గురించి కొద్దిగా. పట్టణాల్లో కొన్ని దుకాణాలు మన యూపీఐ తీసుకుంటున్నాయి, కానీ బేసిసహర్ దాటాక ఏటీఎం మీద గానీ ఫోను మీద గానీ ఆధారపడవద్దు. 100 రూపాయల నోట్లతో ఇబ్బంది ఉండదు. పెద్ద నోట్ల నిబంధనలు మారుతూ వచ్చాయి కాబట్టి బయలుదేరే ముందు బ్యాంకులో అడగండి. 30 వేలంటే వంద నోట్లు మూడు కట్టలు, మోయడానికి పెద్ద బరువేమీ కాదు. గుర్తింపుకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ చాలదు. నేపాల్ కూడా విదేశమే కనుక శాఖాపరమైన అనుమతికి ఫిబ్రవరిలోనే దరఖాస్తు పెట్టండి. వేసవిలో ఏదైనా ప్రభుత్వ విధి మీ మీద పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి గైడుకు అడ్వాన్సు ఇచ్చేటప్పుడు, ప్రయాణం రద్దయితే ఎంత తిరిగి ఇస్తాడో రాయించుకోండి.

చివరగా, మీరు ఇద్దరు, గైడు ఒక్కడు. మీలో ఒకరికి తలనొప్పి వచ్చి దిగవలసి వస్తే గైడు ఆమెతోనే దిగాలి. రెండో వారు ఒంటరిగా కనుమ ఎక్కకూడదు. అంటే ఒకరి అనారోగ్యం ఇద్దరి ప్రయాణాన్నీ ఆపుతుంది, ఇద్దరి డబ్బునూ ఖర్చు చేస్తుంది. ఎవరికి బాగోలేకపోయినా ఇద్దరూ దిగుతారనీ, ఆ అదనపు రోజుల ఖర్చు చెరి సగమనీ, ఆమె కూడా మీలాగే 30 వేలు విడిగా తెచ్చుకోవాలనీ ఇప్పుడే స్టాఫ్ రూములో కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి. ఆ మాటకు ఆమె ఒప్పుకున్నాకే రికరింగ్ డిపాజిట్ ఫారం నింపండి.